అల్జీమర్స్ వ్యాధి: సంరక్షించే కుటుంబానికి ఒక పాఠం

పాఠం ఉద్దేశం

ఇంటి పెద్దలను ఇంటివారే చూసుకోవడం దేవసూగూరు ప్రాంతంలో తరతరాల ఆచారం. పెద్దవారు ఒకే మాటను పదిసార్లు అడిగితే "చాదస్తం" అని, తెలిసిన వీధిలో దారి తప్పితే "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోవడం కూడా అంతే పాతది. "అరవత్తక్కె అరళు మరళు" అనే కన్నడ సామెత ఇక్కడి తెలుగువారికీ పరిచితమే. అరవై ఏళ్లు వస్తే మతి తడబడటం సహజమని దాని భావం. ఈ సామెత పెద్దల పట్ల ఓర్పును నేర్పింది. అయితే వ్యాధిని వ్యాధిగా గుర్తించడానికి అడ్డు కూడా పడింది.

అల్జీమర్స్ వ్యాధి వచ్చిన వ్యక్తి కొత్త విషయాన్ని నేర్చుకునే శక్తిని క్రమంగా కోల్పోతారు. అందువల్ల "అలా చేయకు" అని వారికి ఎన్నిసార్లు చెప్పినా ఫలితం ఉండదు. ఆ ఇంటిలో నేర్చుకోగలిగినవారు సంరక్షకులే. వారు ఏమి నేర్చుకోవాలి, ఎందుకు నేర్చుకోవాలి, ఆ భారాన్ని ఎలా పంచుకోవాలి అనే మూడు విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

వ్యాధి స్వరూపం

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఆగస్టా డెటర్ అనే 51 ఏళ్ల మహిళను ఆసుపత్రిలో చేర్చారు. ఆమె భర్త రైల్వేలో గుమాస్తా. భర్త మీద అకారణమైన అనుమానం ఆమెలో మొదట కనిపించిన మార్పు. ఆ వెనుక జ్ఞాపకశక్తి వేగంగా క్షీణించింది. తన ఇంటిలోనే ఆమెకు దారి తెలియలేదు. వస్తువులను అటూ ఇటూ మోసుకుపోయి దాచేవారు. 1906లో ఆమె మరణించిన తరువాత డాక్టర్ అలోయిస్ అల్జీమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, అదే సంవత్సరం నవంబరులో వైద్యుల సభలో తన పరిశీలనను వివరించారు. 1910లో ఎమిల్ క్రేపెలిన్ తన వైద్యగ్రంథంలో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టారు.

ఈ మొదటి వృత్తాంతంలోనే కుటుంబాలకు ముఖ్యమైన పాఠం ఉంది. ఆమె భర్తను అనుమానించింది స్వభావ దోషం వల్ల కాదు. మెదడులోని కణాలు నశించడమే దానికి కారణం. నేడు కోడలిని "నా బంగారం తీశావు" అని నిందించే అత్తగారి విషయంలోనూ జరుగుతున్నది ఇదే కావచ్చు.

వ్యాధి వచ్చినవారి మెదడులో కణాల వెలుపల అమిలాయిడ్ అనే మాంసకృత్తు ముద్దలుగా పేరుకుంటుంది. కణాల లోపల టావ్ అనే మరొక మాంసకృత్తు చిక్కుపడిన దారపు పోగులవలె తయారవుతుంది. చాలామందిలో ముందుగా దెబ్బతినేది కొత్త జ్ఞాపకాలను నిలిపే భాగం. అందుకే ఉదయం తిన్న జొన్నరొట్టె గుర్తుండదు గాని, పెళ్లినాటి ఊరేగింపు గుర్తుంటుంది. తరువాత మాట, దారి, లెక్క, విచక్షణ ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి. చివరికి నడక, మింగడం కూడా కష్టమవుతాయి. ఈ క్రమం సంవత్సరాల తరబడి సాగుతుంది. ఎంత వేగంగా సాగుతుందనేది మనిషిని బట్టి మారుతుంది.

జ్ఞాపకశక్తి, ఆలోచన, రోజువారీ పనులు చేసుకునే సామర్థ్యం క్షీణించే స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. అల్జీమర్స్ దానికి ప్రధాన కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం డిమెన్షియా కేసుల్లో 60 నుండి 70 శాతం వరకు అల్జీమర్స్ వల్ల కలిగేవే. మెదడు రక్తనాళాల వ్యాధి, పక్షవాతం వంటివి ఇతర కారణాలు. డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ వంటి మందులు కొందరిలో లక్షణాలను కొంతకాలం తగ్గిస్తాయి. నశించిన కణాలను ఏ మందూ తిరిగి తేలేదు.

వయసు మరపు, వ్యాధి మరపు

ప్రతి మరపూ వ్యాధి కాదు. కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరచి, వెదికి తెచ్చుకోవడం వయసుతో వచ్చే మరపు. కళ్లజోడును బియ్యపు డబ్బాలో పెట్టి, ఎవరో దొంగిలించారని నమ్మడం ఆలోచించవలసిన మరపు. పరిచయస్థుని పేరు వెంటనే నోటికి రాక, కాసేపటికి గుర్తుకు రావడం మామూలు విషయం. నలభై ఏళ్లుగా వండుతున్న పప్పులో మొదట ఏమి వేయాలో తెలియక పొయ్యి ముందు నిలబడిపోవడం మామూలు విషయం కాదు. బజారులో చిల్లర లెక్క తప్పడం, సూగూరేశ్వర స్వామి గుడి నుండి రోజూ వచ్చే దారిలో తడబడటం, ఇష్టమైన పనుల నుండి, నలుగురి నుండి దూరంగా జరగడం కూడా గమనించవలసిన గుర్తులే.

ఇటువంటి గుర్తులు కొన్ని నెలలుగా పెరుగుతూ ఉంటే వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. ముందుగా వైద్యుడు చూసేది నయం చేయగల కారణాల కోసమే. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత, కొన్ని రకాల నిద్రమాత్రలు, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గూడుకట్టడం వంటివి కూడా మరపును తెస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. పరీక్ష చేయించకుండా "వయసు" అని వదిలివేస్తే నయమయ్యే జబ్బు కూడా ముదురుతుంది.

ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మతి తడబడితే అది అల్జీమర్స్ వరుస కాదు. మూత్రనాళాల ఇన్ఫెక్షన్, జ్వరం, శరీరంలో నీరు తగ్గడం వల్ల అలా జరుగుతుంది. రాయచూరు ఎండల్లో ఇది చాలా ముఖ్యమైన విషయం. వ్యాధిగ్రస్తులకు దాహం వేసినా నీళ్లు అడగాలని తోచదు. వేసవిలో వారు అడిగే వరకు ఆగకుండా నీళ్లు, మజ్జిగ కొద్దికొద్దిగా ఇస్తూ ఉండాలి. హఠాత్తుగా మార్పు వస్తే ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి.

దేవసూగూరు వారికి సమీపంలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి రాయచూరు వైద్య విజ్ఞాన సంస్థకు చెందినది, అంటే రిమ్స్. నిపుణుల సలహా అవసరమైతే బెంగళూరులోని నిమ్‌హాన్స్, హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నాయి. పరీక్షకు వెళ్లేటప్పుడు పెద్దవారు వాడుతున్న మందులన్నింటినీ, మార్పులు ఏ నెలలో మొదలయ్యాయో రాసిన కాగితాన్ని వెంట తీసుకువెళితే వైద్యునికి పని సులభమవుతుంది.

కుటుంబానికి శిక్షణ ఎందుకు?

భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో జీవిస్తున్నారని 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. పురుషుల కంటే స్త్రీలలో, పట్టణాల కంటే పల్లెల్లో ఈ నిష్పత్తి ఎక్కువ. నిపుణులు, ప్రత్యేక ఆసుపత్రులు ఉన్నది నగరాల్లో. అందువల్ల పల్లెలో మొదటి ఆసుపత్రి ఇల్లే, మొదటి నర్సు ఇంటివారే.

ఇంటివారికి శిక్షణ ఇస్తే ఏమవుతుందో పరిశీలించిన అధ్యయనాలు ఉన్నాయి. గోవాలోని రెండు తాలూకాల్లో 81 కుటుంబాలతో ఒక అధ్యయనం జరిగింది. దాని ఫలితాలు 2008లో వెలువడ్డాయి. స్థానిక భాష తెలిసిన, వైద్యపట్టా లేని సలహాదారులకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. వారు వ్యాధి గురించి వివరించి, కష్టమైన ప్రవర్తనను ఎలా ఎదుర్కోవాలో నేర్పి, ఆదరవు ఇచ్చారు. ఆ సహాయం పొందిన సంరక్షకుల మానసిక ఆరోగ్యం మెరుగుపడింది. ఖరీదైన యంత్రాలేవీ దీనికి అవసరం కాలేదు.

న్యూయార్క్‌లో భార్యను గాని భర్తను గాని చూసుకుంటున్న 406 మందితో జరిగిన మరొక అధ్యయనం ఫలితాలు 2006లో ప్రచురితమయ్యాయి. సంరక్షకులకు, వారి కుటుంబ సభ్యులకు కలిపి సలహా సమావేశాలు జరిపి, తరువాత కూడా ఫోనులో అందుబాటులో ఉన్నారు. అటువంటి సహాయం పొందిన ఇళ్లలోని రోగులు సంరక్షణాలయానికి వెళ్లవలసిన సమయం సగటున 557 రోజులు వెనక్కు జరిగింది. అంటే సుమారు ఏడాదిన్నర పాటు వారు అదనంగా సొంత ఇంటిలో గడపగలిగారు. అక్కడ సలహాలు ఒక్క సంరక్షకునితో ఆగలేదనేది గమనించాలి. మొత్తం కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐ-సపోర్ట్ పేరుతో సంరక్షకుల కోసం ఒక పాఠ్యపుస్తకాన్ని విడుదల చేసింది. వ్యాధి పరిచయం, సంరక్షకుని బాధ్యతలు, సంరక్షకుని స్వంత ఆరోగ్యం, రోజువారీ సేవ, ప్రవర్తనలో మార్పులు అనే ఐదు భాగాలు అందులో ఉన్నాయి. రోజువారీ సేవ కంటే ముందే సంరక్షకుని ఆరోగ్యాన్ని పెట్టడంలో అర్థం ఉంది.

ప్రవర్తన వెనుక ఉన్న కారణం

సంరక్షకులు ముందుగా నేర్చుకోవలసిన సూత్రం ఒకటే. రోగి చేసే ప్రతి పనికీ ఏదో కారణం ఉంటుంది. దానిని చెప్పే శక్తి మాత్రం రోగికి ఉండదు. మాటకు జవాబు చెప్పే ముందు కారణాన్ని వెదకాలి.

*అడిగిందే అడగడం.* "అన్నం తిన్నానా?" అని గంటలో పదిసార్లు అడిగే అవ్వకు పదవసారి కూడా అది మొదటి ప్రశ్నే. "ఇప్పుడే కదా తిన్నావు" అని విసుక్కుంటే ఆమెకు జవాబు గుర్తుండదు, విసుగు వల్ల కలిగిన బాధ మాత్రం మిగులుతుంది. మాట మరచిపోయినా మనసుకు తగిలిన నొప్పి చాలాసేపు ఉంటుంది. చిన్న జవాబు చెప్పి, చిక్కుడుకాయలు ఒలవడం, బట్టలు మడవడం వంటి చేతి పని ఒకటి అందిస్తే ప్రశ్న దానంతట అదే సద్దుమణుగుతుంది.

*దొంగతనం నింద.* పెట్టిన చోటు గుర్తులేనప్పుడు వస్తువు మాయమైనట్లే తోస్తుంది. మాయమైందంటే ఎవరో తీసి ఉండాలని మెదడు కథ అల్లుకుంటుంది. ఎక్కువసేపు దగ్గర ఉండేవారి మీదే నింద పడుతుంది. అంటే అందరికంటే ఎక్కువ సేవ చేసేవారే దొంగలవుతారు. ఆ సమయంలో సాక్ష్యాలు చూపి వాదించడం వల్ల ప్రయోజనం లేదు. "పోయిందా అత్తమ్మా, ఇద్దరం కలిసి వెదుకుదాం" అనడం మేలు. రోజూ దాచే చోట్లు ఇంటివారికి తెలిసి ఉండాలి. తాళపుచెవులకు, కళ్లజోడుకు నకలు ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. నింద విన్న కొడుకు, ఊరి నుండి వచ్చిన కూతురు కూడా ఈ పాఠం నేర్చుకోకపోతే కోడలికి అన్యాయం జరుగుతుంది. వ్యాధి వల్ల వచ్చిన మాటను నమ్మి కుటుంబాలు విడిపోకూడదు.

*"ఇంటికి పోతాను" అనడం.* సొంత ఇంటిలో కూర్చుని ఈ మాట అనేవారు చాలామంది ఉంటారు. వారు అడిగేది పుట్టినిల్లు కావచ్చు, ఎప్పుడో కూలిపోయిన పాత ఇల్లు కావచ్చు, కొన్నిసార్లు ఆకలి గాని నొప్పి గాని లేని ప్రశాంతత కావచ్చు. "ఇదే నీ ఇల్లు" అని పట్టుబట్టడం కంటే "మీ ఇంటిలో బావి ఉండేదా అవ్వా?" అని అడిగితే ఆమె ఆ జ్ఞాపకంలోనే కాసేపు ఇంటికి వెళ్లి వస్తారు.

*పాత ఉద్యోగం.* రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ 1985లో ప్రారంభమైంది. నాడు యువకులుగా చేరినవారు నేడు విశ్రాంత జీవితంలో ఉన్నారు. దశాబ్దాల పాటు రాత్రి షిఫ్టు చేసిన మనిషికి వ్యాధి వస్తే, నడిరాత్రి లేచి చొక్కా తొడుక్కుని డ్యూటీకి బయలుదేరవచ్చు. ఆయనను బలవంతంగా పడుకోబెట్టబోతే పెనుగులాట అవుతుంది. "ఈ రోజు మీకు సెలవు నాయనా, టీ తాగి పడుకోండి" అన్న మాట ఆయన పనికి గౌరవం ఇస్తుంది, ఆయనను మంచానికి తిరిగి చేరుస్తుంది.

*సాయంత్రపు కలత.* పొద్దు వాలే వేళ కొందరిలో భయం, కోపం పెరుగుతాయి. మసక వెలుతురులో నీడలు మనుషులుగా కనిపిస్తాయి. చీకటి పడక ముందే దీపాలు వెలిగించడం, టీవీ గోల తగ్గించడం, పగటి నిద్రను తగ్గించి ఉదయం పూట కొంత నడిపించడం ఉపకరిస్తాయి.

*స్నానానికి నిరాకరణ.* బట్టలు విప్పడమంటే సిగ్గు, తల మీద నీళ్లు పడితే భయం, చలి, ఇవే సాధారణంగా కారణాలు. ఆడవారికి ఆడవారే, ఆమె సిగ్గుపడని మనిషే సాయం చేయాలి. నీళ్ల వేడి ముందుగా చేతితో చూడాలి. చెంబును ఆమె చేతికే ఇచ్చి, పాదాల నుండి మొదలుపెట్టాలి. ఒక రోజు వద్దంటే తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

ఈ ఉపాయాలన్నీ అబద్ధాలు కావా అని కొందరికి సందేహం వస్తుంది. వ్యాధిగ్రస్తుని మాటను సరిదిద్దడం వల్ల ఆయనకు నిజం తెలియదు, అవమానం మాత్రమే తెలుస్తుంది. చనిపోయిన భర్త ఎక్కడని ఆమె అడిగిన ప్రతిసారీ మరణవార్త చెబితే, ఆమె ప్రతిసారీ కొత్తగా విధవ అవుతుంది. "ఆయన గుర్తుకు వచ్చారా? ఆయన గురించి చెప్పు అవ్వా" అనే మాటలో అబద్ధం లేదు, గాయమూ లేదు.

మూడు భాషల ఇంటిలో

రాయచూరు జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగం. నది దాటితే తెలంగాణ. ఈ ప్రాంతంలో ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడ, బజారులో దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. ఈ బహుభాషా జీవితానికీ ఈ వ్యాధికీ సంబంధం ఉంది.

హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, సహపరిశోధకులు డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. ఒకే భాష మాట్లాడేవారి కంటే రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని వారు కనుగొన్నారు. చదువు రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. రెండు భాషలు వ్యాధిని ఆపుతాయని దీని అర్థం కాదు. జీవితమంతా భాషలు మార్చుకుంటూ మాట్లాడే మెదడు నష్టాన్ని మరికొంత కాలం తట్టుకోగలదని పరిశోధకుల భావన.

వ్యాధి వచ్చిన తరువాత భాష విషయంలో మరొకటి జరుగుతుంది. తరువాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోయి, తల్లిభాష ఎక్కువకాలం నిలవడం చాలామందిలో కనిపిస్తుంది. తెలుగింటి ఆడపడుచుగా పుట్టి కన్నడ కుటుంబంలో కోడలైన స్త్రీ, యాభై ఏళ్లు చక్కగా మాట్లాడిన కన్నడను మరచి, పూర్తిగా తెలుగులోనే మాట్లాడవచ్చు. మనవలకు ఆమె మాట అర్థం కాదు, ఆమెకు వారి మాట అర్థం కాదు. దీనిని మొండితనమని భావించరాదు. మనవలు నీళ్లు, అన్నం, నొప్పి, భయం, నిద్ర, దొడ్డికి పోవడం వంటి పదాలను ఆమె భాషలో నేర్చుకోవాలి. పుట్టింటివారు ఫోనులో మాట్లాడించాలి. డాక్టరు వద్దకు వెళ్లేటప్పుడు ఆమె భాష తెలిసినవారు తోడు వెళ్లాలి. లేకపోతే భాష తెలియక జవాబు చెప్పకపోవడాన్ని మతి లేకపోవడంగా లెక్కించే ప్రమాదం ఉంది.

ఆమె లెక్కలు అణాల్లో చెబితే సరిదిద్దవలసిన పని లేదు. ఆమె నిలిచి ఉన్న కాలం అది.

ఇల్లు, వీధి, నది

వ్యాధి మధ్య దశలో ఇల్లు విడిచి వెళ్లిపోవడం పెద్ద ప్రమాదం. దేవసూగూరులో ఒక వైపు కృష్ణానది, మరొక వైపు లారీలు తిరిగే రాయచూరు–మహబూబ్‌నగర్ రహదారి ఉన్నాయి. అందువల్ల కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

వీధి తలుపు తెరిస్తే మోగేలా ఒక గంట కట్టాలి. గొళ్లెం ఆమె చూపు పడని ఎత్తులో గాని దిగువన గాని ఉండాలి. ఇంటిలో మరెవరూ లేకుండా రోగిని లోపల పెట్టి తాళం వేయకూడదు; నిప్పు అంటుకుంటే బయటపడే దారి ఉండదు. చొక్కా లోపలి జేబులో గాని, రవికెకు కుట్టిన గుడ్డ మీద గాని, ఇంటివారి ఫోను నంబరు తెలుగు, కన్నడ, ఉర్దూ లిపుల్లో రాసి ఉంచాలి. ఇటీవలి ఫోటో ఒకటి ఇంటివారి ఫోనులో సిద్ధంగా ఉండాలి. కిరాణా కొట్టువారికి, ఆటో డ్రైవర్లకు, గుడి వద్ద ఉండేవారికి ముందుగా చెప్పి ఉంచాలి. దీనిలో సిగ్గుపడవలసింది ఏదీ లేదు. దాచిన ఇంటి మనిషి తప్పిపోతే ఎవరూ గుర్తుపట్టరు.

మనిషి కనిపించకపోతే మరునాటి వరకు ఆగరాదు. ముందుగా నది గట్టు, బావులు, రహదారి వెదకాలి. తరువాత పూర్వం నివసించిన ఇల్లు, పని చేసిన చోటు వైపు మనుషులను పంపాలి. అదే సమయంలో 112 నంబరుకు ఫోను చేయాలి. జాతర, రథోత్సవం రోజుల్లో రద్దీలోకి తీసుకువెళ్లడం కంటే, జనం పలచబడిన వేళ దర్శనం చేయించడం క్షేమం.

ఇంటిలో గ్యాస్ సిలిండరు రెగ్యులేటరును పని అయిన వెంటనే ఆపాలి. పురుగుమందులు, కిరోసిన్, ఫినాయిల్, మాత్రలు తాళం లోపల ఉండాలి. పొలం ఉన్న ఇళ్లలో పురుగుమందు డబ్బాను నీళ్ల సీసా అనుకునే ప్రమాదం నిజమైనది. మరుగుదొడ్డి తలుపు మీద బొమ్మ అతికించి, రాత్రంతా దీపం ఉంచాలి. నేల తడి లేకుండా చూడాలి.

డబ్బు, పత్రాలు, చట్టం

వ్యాధి తొలి దశలో మనిషికి తన ఇష్టాన్ని చెప్పగల శక్తి ఉంటుంది. ఆ కాలాన్ని జారవిడువరాదు. బ్యాంకు ఖాతాలకు నామినీ, పింఛను పత్రాలు, వీలునామా, భూమి కాగితాలు అప్పుడే సరిచూసుకోవాలి. మనిషి మతి స్థిరం తప్పిన తరువాత అంతకు ముందు ఇచ్చిన సాధారణ అధికార పత్రం కూడా చెల్లదని తెలుసుకోవాలి. ఏమీ తెలియని స్థితిలో ఉన్న పెద్దవారి చేత వేలిముద్ర వేయించుకోవడం తప్పు. తరువాత వివాదాలకూ మూలం.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, వ్యక్తి తనకు ఎటువంటి మానసిక చికిత్స కావాలో ముందుగానే రాసి ఉంచవచ్చు, తన తరఫున నిర్ణయించే ప్రతినిధిని పేర్కొనవచ్చు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం, తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులను పోషించడం సంతానం బాధ్యత. పిల్లలందరూ పంచుకోవలసిన బాధ్యత అది.

సంరక్షకులను ఎవరు చూసుకుంటారు?

"మా ఇంటిలో అందరం చూసుకుంటాం" అనే మాటను ఒకసారి పరీక్షించి చూడాలి. రాత్రి మూడుసార్లు లేచేది ఎవరు? తడిసిన పక్క మార్చేది ఎవరు? తన జబ్బుకు మందు తెచ్చుకోవడానికి తీరిక లేనిది ఎవరికి? చాలా ఇళ్లలో ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకే మనిషి. ఆమె భార్య గాని, కోడలు గాని, పెళ్లి కాని కూతురు గాని అయి ఉంటుంది. ఆమె కూలిపోయిన రోజు రోగి సంరక్షణ కూడా కూలిపోతుంది.

అందువల్ల ఇంటివారందరూ కూర్చుని పనిని కాగితం మీద రాసి పంచుకోవాలి. దూరాన ఉన్న కొడుకు డబ్బు పంపితే తన వంతు పూర్తయినట్లు కాదు. ఏడాదిలో కొన్ని రోజులు వచ్చి పూర్తి బాధ్యత తీసుకుని, సంరక్షకురాలిని పుట్టింటికి పంపాలి. ఇంటిలోని మగవారు తండ్రికి స్నానం చేయించడం, తినిపించడం నేర్చుకోవాలి. వారానికి ఒక పూటైనా ఆమె ఇల్లు విడిచి తనకు నచ్చిన చోటికి వెళ్లగలగాలి. నిద్ర లేకపోవడం, కారణం లేని కన్నీళ్లు, రోగి మీద చేయి చేసుకోవాలన్నంత కోపం, బ్రతుకు మీద విరక్తి కనిపిస్తే ఆమెకు కూడా వైద్యసహాయం అవసరమని అర్థం. అటువంటి కోపం వచ్చిన క్షణంలో రోగిని క్షేమమైన చోట కూర్చోబెట్టి, పక్క గదికి వెళ్లి, మరొకరిని పిలవాలి.

మానసిక ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా లభిస్తుంది. తెలుగు, కన్నడ భాషల్లో మాట్లాడవచ్చు. వయోవృద్ధుల సహాయవాణి నంబరు 14567. 1992లో కేరళలో మొదలైన భారత అల్జీమర్స్ సంబంధిత రుగ్మతల సంఘానికి వివిధ నగరాల్లో శాఖలు ఉన్నాయి. హైదరాబాదులో కూడా ఒక శాఖ ఉంది.

చివరి దశ

చివరి దశలో మాట ఆగిపోతుంది, నడక ఉండదు. మింగడం కష్టమైనప్పుడు మెత్తగా చేసిన సంకటి, చిక్కటి జావ కూర్చోబెట్టి కొద్దికొద్దిగా తినిపించాలి. పడుకోబెట్టి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. రెండు గంటలకు ఒకసారి పక్క మార్చితే పుండ్లు పడవు. ముఖం ముడుచుకోవడం, మూలుగు నొప్పికి గుర్తులు. వైద్యునికి చెప్పి నొప్పి తగ్గించాలి.

పేరు గుర్తుపట్టలేని తల్లికి కూడా చేతి స్పర్శ తెలుస్తుంది, తెలిసిన గొంతు తెలుస్తుంది, చిన్ననాటి పాట తెలుస్తుంది. "ఆమెకు ఏమీ తెలియదు" అని ఆమె ఎదుటే మాట్లాడుకోవడం ఏ దశలోనూ తగదు.

ముందు తరానికి హెచ్చరిక, ఊరికి కర్తవ్యం

ప్రముఖ వైద్యపత్రిక లాన్సెట్ నియమించిన నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన నివేదిక, సరిదిద్దగల 14 కారణాలను పేర్కొంది. చదువు లేకపోవడం, వినికిడి లోపం, చూపు లోపం, అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, మద్యం, తలకు దెబ్బలు, ఒంటరితనం, గాలి కాలుష్యం వాటిలో ఉన్నాయి. అవన్నీ తొలగితే డిమెన్షియాలో సుమారు 45 శాతాన్ని నివారించడమో, ఆలస్యం చేయడమో సాధ్యమని ఆ నివేదిక అంచనా. నడివయసులో రక్తపోటు, చక్కెర చూపించుకోవడం, చెవి వినిపించని పెద్దలకు యంత్రం పెట్టించడం, మోటారు సైకిలు మీద హెల్మెట్ పెట్టుకోవడం, ఆడపిల్లను బడి మాన్పించకపోవడం నేడు చేయగల పనులు.

సెప్టెంబరు 21 ప్రపంచ అల్జీమర్స్ దినం. ఆ రోజు ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు, మహిళా సంఘాల సభ్యులు ఒక చోట చేరి ఈ పాఠాన్ని తమ తమ భాషల్లో చదువుకోవచ్చు. మతి తప్పిన పెద్దాయన వీధిలో నిలబడితే నవ్వే పిల్లలు ఉన్న ఊరు వేరు, చేయి పట్టుకుని ఇంటికి చేర్చే పిల్లలు ఉన్న ఊరు వేరు. ఆ తేడా చదువు వల్లనే వస్తుంది.

కుటుంబం కలిసి చర్చించవలసిన ప్రశ్నలు

1. మన ఇంటిలోని పెద్దవారిలో గడచిన ఆరు నెలల్లో కనిపించిన మార్పులు ఏవి? వాటిని వైద్యునికి చూపించామా?

2. ఆయన లేదా ఆమె ఎక్కువగా కలత చెందేది ఏ వేళలో? ఆ సమయంలో ఆకలి, నొప్పి, దాహం, భయం వీటిలో ఏది కారణం కావచ్చు?

3. వారి తల్లిభాషలో పది ముఖ్యమైన మాటలు ఇంటిలోని పిల్లలందరికీ వచ్చా?

4. వారు తప్పిపోతే ముందుగా ఎక్కడ వెదకాలో, ఎవరికి ఫోను చేయాలో అందరికీ తెలుసా?

5. ఈ వారంలో సంరక్షకురాలు ఎన్ని రాత్రులు పూర్తిగా నిద్రపోయింది? వచ్చే వారం ఆమె స్థానంలో ఎవరు ఉంటారు, ఏ రోజు?